వానకు ముందు, వానకు తర్వాత

బెలేం అనే రేవుపట్నంలో ఎవరినైనా కలవాలంటే గడియారం చూడరు. "వానకు ముందు వస్తావా, తర్వాత వస్తావా?" అని అడుగుతారు. మధ్యాహ్నం దాటాక వాన పడి తీరుతుంది. ఒజిమార్ పంతోజా ఈ ఊళ్లోనే పుట్టి, రేవులో పడవ టిక్కెట్లు అమ్ముతూ జుట్టు నెరిసినవాడు. అలాంటివాడికి ఈ సంగతి తట్టకపోవడమే విచిత్రం.

ఒజిమార్‌కు తాగుడు లేదు, పేకాట లేదు. ఓవర్‌క్లాకింగ్ పిచ్చి ఒక్కటే ఉంది. కంప్యూటర్‌లోని ప్రాసెసర్‌ను ఇంత వేగంతో నడపమని కంపెనీవాళ్లు చెబుతారు కదా, ఆ మాట వినడం ఆయనకు నామోషీ. వేగం పెంచితే వోల్టేజి పెంచాలి. వోల్టేజి పెంచితే వేడెక్కుతుంది. వేడికి భయపడి వోల్టేజి తగ్గిస్తే మిషన్ నడుస్తూ నడుస్తూ చతికిలబడుతుంది. ఈ మూడూ కుదిరే చోటు కోసం ఆయన వారాల తరబడి వోల్టేజిని వెంట్రుకవాసి చొప్పున దించుకుంటూ వచ్చాడు. ఇంకాస్త దించితే ఆగిపోతుందన్న చోట ఆపాడు. పెద్ద పెద్ద లెక్కలు చేయించి పరీక్ష పెడితే నిలబడింది. స్నేహితుల గ్రూపులో ఫోటో పెట్టి, "రాయిరా ఇది, రాయి" అని రాసుకున్నాడు.

ఆ రాయి మీద రోజూ పని చేసేది మాత్రం ఆయన భార్య దుల్సిరేని. బాప్తిస్మాలకూ, పెళ్లిళ్లకూ, ఆడపిల్లల పదిహేనో పుట్టినరోజు విందులకూ తీసిన వీడియోలను కూర్చి ఇస్తుంది.

"మళ్లీ నీలం తెర వచ్చి ఆగిపోయింది. పొద్దుటి పనంతా పోయింది" అంది ఒకరోజు.

"పరీక్ష పెట్టానే తల్లీ! నా దగ్గర ఒక్కసారీ ఆగలేదు. నువ్వే ఏవేవో ఒకేసారి తెరిచి పెడతావ్."

"అవును, నా చేతులకి ముళ్లున్నాయి."

నెలల తరబడి ఇదే గొడవ. ఆవిడ ఆగిందంటుంది, ఆయన ఆగదంటాడు. చివరికి దుల్సిరేని తెగేసి చెప్పింది: "ఇంకొక్కసారి ఆగిందంటే నా పని మూటగట్టుకుని మర్లూసి దగ్గరికి పోతా. మా చెల్లెలి కంప్యూటర్ ముసలిదే గానీ, మొదలుపెట్టిన పని ముగిస్తుంది."

ఆ వారమే ఆగింది. దుల్సిరేని అన్నంత పనీ చేసింది. పొద్దున కాఫీ తాగి వెళ్తే చీకటిపడ్డాక వచ్చేది. అంతకుముందు సాయంత్రాలు ఆవిడ పొద్దుట కూర్చిన వీడియోలు వేసి చూస్తుంటే, ఒజిమార్ పక్కన చేరి పెళ్లికొడుకుల ముక్కుల మీద వ్యాఖ్యానం చేసేవాడు, ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు. ఇప్పుడు ఇల్లు బావురుమంటోంది. ఆయనకు కోపం వచ్చింది. ఆవిడ ఇక మిషన్ ముందు కుర్చీలో కూర్చోదేమోనని భయమూ వేసింది. కోపం మాత్రమే పైకి కనబడనిచ్చాడు.

ఓ సెలవురోజున జురాందీర్ అనే స్నేహితుడు భోజనానికి వచ్చాడు. అసాయి పండ్ల గుజ్జులో కర్రపెండలం పిండి కలుపుకుని, వేయించిన చేపతో సుష్టుగా తిన్నాక ఒజిమార్ మిషన్ ముందు కూర్చుని పరీక్ష మొదలుపెట్టాడు. బయట ఎండ మండిపోతోంది. గదిలో ఫ్యాను వేడిగాలే తిప్పుతోంది. కాసేపటికి తెర నీలంగా మారి మిషన్ ఆగిపోయింది.

"రాయి పగిలిందిరోయ్!" అని జురాందీర్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇప్పటిదాకా ఎప్పుడూ ఇలా కాలేదురా."

"పరీక్షలు ఎప్పుడు పెట్టావ్?"

"రేవు నుంచి వచ్చాక. వాన వెలిశాక."

"చల్లబడ్డాక ఎవడైనా నిలబడతాడు. మరి మీ ఆవిడ ఎప్పుడు పనిచేస్తుంది?"

అప్పుడు తట్టింది ఒజిమార్‌కు. ఆవిడ పొద్దున కూర్చుని వాన మొదలయ్యేదాకా పని చేసేది. వాన తర్వాత సరిపోయిన వోల్టేజి ఆ వేడిలో చాలదు. పెంచుదామంటే వేడి హద్దు దాటుతుంది. ఇక వేగం తగ్గించడం ఒక్కటే దారి.

మర్నాడు రేవుకు సెలవు పెట్టాడు. ఎండ ముదిరాక కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ పరీక్షలు పెట్టాడు. ఆగిపోయినప్పుడల్లా వేగం ఓ మెట్టు దించాడు. దించగా దించగా దాదాపు కంపెనీవాళ్లు చెప్పిన వేగానికే వచ్చి చేరాడు. అక్కడ నిలబడింది. గ్రూపులో ఫోటో పెట్టలేదు. వానలో తడుస్తూనే మరదలి ఇంటికి వెళ్లాడు.

"ఇక ఇంట్లోనే పని చేసుకో దుల్సీ. తప్పు నీది కాదు. ఎండలో పెట్టి చూశా. నువ్వన్నది నిజమేనని మిషనే చెప్పింది."

దుల్సిరేని తెర మీంచి చూపు తిప్పింది. ముఖంలో కోపమేమీ లేదు.

"నేను నెలల తరబడి చెబితే నమ్మలేదు. అది ఒక్కరోజు చెబితే నమ్మావ్. వెళ్లి దాన్నే పక్కన కూర్చోబెట్టుకో."

మళ్లీ పనిలో పడింది. ఒజిమార్‌ను కూర్చోమని కూడా అనలేదు.