మామ కట్టిన టీము

సేవ్ చేసిన ఆట ఏదీ లేదని తెర మీద ఇంగ్లిషు అక్షరాలు కనబడ్డాయి. అప్పటిదాకా ఇల్లంతా సంబరమే. డిస్కులు సరిగ్గా చదవలేకపోతున్న పాత గేమ్ మెషిన్‌ను జనగామ బజారులో ఇచ్చేసి మా ఆయన తెచ్చిన సెకండ్ హ్యాండ్ మెషిన్, మా తమ్ముడి ఫుట్‌బాల్ డిస్కును మింగి, అదే పాటతో, అదే మైదానంతో మేలుకుంది. "చెప్పిన గద, పాత డిస్కులు గిండ్ల గూడ ఆడ్తయని," అని మా ఆయన కాలు మీద కాలు వేసుకున్నాడు. చిన్నోడు మాత్రం, "అమ్మా, మామ టీమేది?" అన్నాడు.

తమ్ముడు భూపాలపల్లి బొగ్గుబావిలో కాంట్రాక్టు పని చేసేవాడు. సెలవు దొరికితే మా ఇంటికే వచ్చేవాడు. ఒక వానాకాలం, నాకు నెలలు నిండుతున్నప్పుడు, ఆ ఆటలో మా ఇంటి టీమును కట్టాడు. బాపును గోలు కాడ నిలబెట్టాడు. అవ్వకు ఆడమనిషి బొమ్మ దొరకక, మగ ఆటగాడికే తెల్లజుట్టు పెట్టాడు. "నువ్వు ఊకె భయపడ్తవు గద అక్కా, ఎనక ఉండు," అని నన్ను డిఫెన్సులో వేశాడు. కడుపులో ఉన్నవాడికి అందరికన్నా పొట్టి ఆటగాణ్ని చేసి, 'చిన్నోడు' అని పేరు కొట్టాడు. వాడు పుట్టిన ఏడాదే తమ్ముణ్ని లారీ గుద్దింది. వాడికి మామ అంటే ఆ టీమే.

టీము డిస్కులోనే ఉందని అందరం అనుకున్నాం. బాపు క్యాసెట్లలో మా మాటలు రికార్డు చేసిన ఇల్లు మాది. ఏది తిరుగుతుందో దాంట్లోనే అన్నీ ఉంటాయని మా నమ్మకం. డిస్కు మీద తమ్ముడు మార్కర్‌తో 'మనోళ్లు' అని రాసి కూడా పెట్టాడు. అసలు టీము ఉన్నదేమో పాత మెషిన్ ముందు గుచ్చి ఉండే అగ్గిపెట్టెంత కార్డులో. కొత్తదానికి ఆ కార్డు పట్టే సందే లేదు, కార్డును దానికి తగిలించాలంటే అడాప్టరని వేరే ముక్క కొనాలట. ఈ రకంలో మొదట వచ్చిన లావు మెషిన్లే పాత డిస్కులు ఆడతాయి, తర్వాతి సన్నవి ఆడవు. అంత కనుక్కుని లావుదే తెచ్చిన మనిషి, కార్డును పాతదానికే వదిలేసి వచ్చాడు. కంపెనీ అమ్మిన ఆట భద్రంగా వచ్చింది. మావాడు చేసుకున్నది రాలేదు.

దుకాణం అతను నంబరిచ్చాడు. పాతదాన్ని బాగు చేయించి మానుకోటకు కొనుక్కుపోయినామె మర్యాదగానే మాట్లాడింది. "కార్డు నిండిందని చూపెట్టిందక్కా. పిల్లలు ఏడుస్తున్రని అన్నీ తీసేసిన. అండ్ల ఏమన్న ఉండెనా?"

"ఏం లేదమ్మా," అన్నాను.

తెల్లారి మా పిల్లలిద్దరూ కొత్త టీము మొదలుపెట్టారు. ముందు మామను చేద్దామన్నారు. ఆడించేది తనే కదా అని తమ్ముడు తనను ఎన్నడూ అందులో పెట్టుకోలేదు. మెషిన్ అడిగింది, కుడికాలా, ఎడమకాలా అని. ఇద్దరూ నా వైపు చూశారు. వాకిట్లో వాడు బంతి తన్నడం ఎన్నిసార్లు చూశానో. బంతి కనిపిస్తోంది, గోడకు తగిలిన చప్పుడు వినిపిస్తోంది, కాలు మాత్రం కనబడటం లేదు. మనిషిని తీసుకుపోయాక కూడా కాలం మళ్లీ మళ్లీ వచ్చి మిగిలినవి పట్టుకుపోతూనే ఉంటుంది.

"నాకు యాదికొస్తలేదు బిడ్డా," అని చెప్పాను. "మీకేది నచ్చితే గది పెట్టుండ్రి."