వంగకూడని నడుం

మా వదిన ఫువాటినో వంగినట్టు ఊళ్ళో ఇంకెవరూ వంగలేరు. కూర్చున్న పెద్దల ముందు నుంచి పోవాల్సి వస్తే నడుం మడిచి, తల దించి, "తులోవ్, తులోవ్" అని మన్నింపు అడుగుతూ పోవాలి. మా సవాయి దీవిలో పిల్లలకు నడక వచ్చిన రోజే ఇదీ వస్తుంది. నేనైతే మొక్కుబడిగా వంగుతాను. వదిన వంగితే మాత్రం, తామింత గొప్పవాళ్ళమా అని కూర్చున్నవాళ్ళకే అనుమానం వచ్చేది.

అలాంటి మనిషికి నీటికాసుల జబ్బు పట్టుకుంది. కంట్లో నీరు బయటికి పోక, ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి మూసుకొచ్చింది. ఎడమ కంటికి చాలా ఏళ్ళ కిందట ఆపరేషన్ చేశారు. నీరు పోయేందుకు తెల్లగుడ్డులో చిన్న దారి కోశారు. గాయం మానినట్టే ఆ దారీ పూడిపోయింది, కన్నూ పోయింది. ఈసారి కుడి కంటికి కొత్త పద్ధతి. సన్నటి గొట్టం ఒకటి లోపల అమర్చి, నీటిని కంటిపొర కిందికి మళ్ళించారు.

"ఇది అంత తేలిగ్గా పూడదమ్మా. కానీ నేను చెప్పేదాకా తల కిందికి దించకు, బరువెత్తకు. లోపల నెత్తురు చిమ్మిందంటే ఈ కన్నూ పోతుంది, నీకు మిగిలింది ఇదొక్కటే," అన్నాడు ఆపియా పట్నంలో డాక్టరు.

"అంతేనా?" అంది వదిన. పాపం, సులువనుకుంది.

మా ఇంటికి గోడలు లేవు. చుట్టూ స్తంభాలు, పైన కప్పు. వెనక భాగానికి ఒక పరదా. మెట్ల పక్క స్తంభానికి ఆనుకుని పొద్దున కూర్చుందంటే మా అమ్మ సాయంత్రం ప్రార్థన దాకా కదలదు. పెరటి అవతలంతా అగ్నిపర్వతం కక్కిన నల్లరాయి, ఒంటికంటి మనిషి అడుగు వేసే చోటు కాదు. వీధిలోకి పోవాలంటే అమ్మ ముందు నుంచే పోవాలి.

"నా ముందు వంగొద్దు కోడలా. నేనేమీ అనుకోను," అంది అమ్మ, వదిన ఇంటికొచ్చిన రోజే.

వదిన సరేనంది. నిటారుగా నాలుగడుగులు వేసింది. అమ్మ దగ్గరికి రాగానే నోరు "తులోవ్" అంది, నడుం దాని పని అది చేసుకుపోయింది. నేను ఉరికి గడ్డం కింద చెయ్యి పెట్టి ఆపాను.

"చెవుల్లోకి కూడా నీళ్ళు చేరాయా?" అని కసిరాను.

"నేను వంగలేదే సియా. అదే వంగింది." వదిన తన నడుం చూపించింది.

ఆ తర్వాత వదిన పరదా వెనక్కి చేరింది. చాప అల్లుదామంటే వంగాలి. చర్చికి పోదామంటే అమ్మను దాటాలి. దారిన పోయేవాళ్ళు, "ఆపియా వెళ్ళొచ్చాక మీ వదినకి మెడ బిరుసెక్కిందటగా," అని నాతో వేళాకోళమాడారు. గోడలు లేని ఇంట్లో గాలి అటూ ఇటూ తిరుగుతోంది, మనిషి మాత్రం ఖైదు. తన నడుమే తనకి కాపలా. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఎవరి మీదో తెలియదు.

"గుడ్డిదాన్నయినా బాగుండేది. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళు," అంది ఒక సాయంత్రం.

అమ్మకి వినబడింది.

ఆదివారం చర్చి గంట మోగగానే అమ్మ స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని లేచింది. ఆమె మోకాళ్ళు పనిచేయడం మానేసి చాలా ఏళ్ళయింది. పక్క మీదికి చేర్చడానికే ఇద్దరు మనుషులు కావాలి.

"నిలబడ్డవాళ్ళ ముందు వంగక్కర్లేదు. నడు కోడలా," అంది.

వదిన వలవలా ఏడ్చింది. "ఏడవకు, గొట్టం ఉంది," అని నేను తిట్టాను. వదిన నిటారుగా మెట్లు దిగింది.

అప్పట్నుంచి వదిన కదిలినప్పుడల్లా అమ్మ లేచేది. డాక్టరు రమ్మన్న రోజు ఊరి పెద్దలు మా ఇంట్లోనే సభ తీరి కూర్చున్నారు. వీధిలో బస్సు హారన్ కొడుతోంది. అమ్మ లేచి నిలబడింది.

"మీరూ లేవండి," అంది.

"ఒక కోడలి కోసం మేం లేవాలా పెద్దమ్మా?" అన్నాడు ఒకాయన.

"కోడలి సంగతి వదిలెయ్. ముసలిదాన్ని నేను నిలబడ్డాను, నువ్వు కూర్చుని మాట్లాడుతున్నావు. ముందు అది చూసుకో."

గొంతులు సవరించుకుంటూ అందరూ లేచారు. వదిన వాళ్ళ మధ్య నుంచి తల ఎత్తుకుని నడిచింది. ఎందుకైనా మంచిదని గడ్డం కింద నా చెయ్యి ఉంచాను.

పోయిన చూపు తిరిగి రాదనీ, గొట్టం బాగా పనిచేస్తోంది కాబట్టి ఉన్న చూపు నిలుస్తుందన్న నమ్మకం ఉందనీ డాక్టరు చెప్పాడు. ఇక వంగొచ్చన్నాడు. మర్నాడు మేం బస్సు దిగేసరికి అమ్మ అప్పటికే స్తంభాన్ని కావలించుకుని నిలబడి ఉంది.

"కూర్చో అత్తయ్యా. ఇక వంగొచ్చట," అంది వదిన.

నేను అమ్మని పట్టి కూర్చోబెట్టాను. వదిన మెట్లెక్కి, "తులోవ్" అంటూ అమ్మ ముందు నుంచి వంగి నడిచింది. సగం దారిలో వంగినది వంగినట్టే ఆగిపోయింది. కూర్చోవడంలో అమ్మ లుంగీ పక్కకి జారింది. మోకాళ్ళు రెండూ వాచి, చర్మం బిగిసి మెరుస్తున్నాయి. ఇంతగా వాచాయని రోజూ పక్కన పడుకునే నాకే తెలియదు.

"ఇవెప్పట్నుంచి అత్తయ్యా?"

"నీకు కనిపిస్తున్నాయా?" అంది అమ్మ.

"కనిపిస్తున్నాయి."

"అయితే సరే," అని అమ్మ లుంగీ మోకాళ్ళ మీదికి లాక్కుంది.