డ్రాగన్‌కు దిష్టిచుక్క

మా అత్తగారు విజిట్ వీసా మీద దోహా వచ్చిన వారానికి పక్క విల్లా వరండాలో ఒక డ్రాగన్ వెలిసింది. వెదురు చట్రానికి ఎర్రగుడ్డ చుట్టి పక్కింటి చైనా ఆవిడే దాన్ని తయారు చేస్తోంది. ఐన్ ఖాలిద్‌లోని మా కాంపౌండ్‌లో చైనా కుటుంబాలు రెండే ఉన్నాయి. అయినా ఈసారి వాళ్ళ కొత్త సంవత్సరానికి అందరం కలిసి దాన్ని కర్రల మీద ఎత్తి డ్రాగన్ ఆట ఆడాల్సిందేనని ఆవిడ పట్టుదల.

అత్తగారికి అది బొత్తిగా నచ్చలేదు.

"పొద్దున్నే తలుపు తీస్తే ఆ రాక్షసి పాము కోరలేనా చూడాల్సింది? నిప్పులు కక్కుతుందటగా?"

ఆ మాట ఇంగ్లీషులో చెబితే పక్కింటావిడ పకపకా నవ్వింది. నిప్పులు కక్కేవి వేరే దేశాల డ్రాగన్లట. తమది నదుల్లో, మబ్బుల్లో ఉంటూ వానలు కురిపిస్తుందట. మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి గోడకున్న పట్టు చిత్రం చూపించింది. జింక కొమ్ములు, చేప పొలుసులు, గద్ద గోళ్ళు. గడ్డం కింద మెరుస్తున్న ముత్యం.

"వానదేవుడా! ముందే చెప్పొద్దూ!" అంటూ అత్తగారు చెంపలేసుకున్నారు.

మర్నాటి నుంచి ఆవిడ మకాం ఆ వరండాలోనే. ఇద్దరూ కూర్చుని పొలుసులు కుడుతూ, ఎవరి భాషలో వాళ్ళు హాయిగా కబుర్లు చెప్పుకునేవారు. అర్థం కావాల్సిందేదో అయ్యేదనుకుంటాను, మధ్యమధ్య ఇద్దరూ నవ్వేవారు.

శుక్రవారం సాయంత్రం ఆట. అన్నీ సిద్ధమయ్యాయి, కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. కళ్ళు దిద్దాకే డ్రాగన్‌కు ప్రాణం వస్తుందట. పక్కింటావిడ కుంచెను రెండు చేతులతో పట్టుకుని అత్తగారి ముందు నిలబడింది.

అత్తగారు వెనక్కి జరిగారు. మామగారు పోయాక ఏ శుభకార్యంలోనూ ఆవిడ ముందుకు రాలేదు.

"ఆయన లేరని చెప్పమ్మా. నాచేత చేయించకూడదని చెప్పు," అన్నారు మెల్లగా.

చెప్పాను. పక్కింటావిడకు అందులో అడ్డేమిటో అర్థం కాలేదు.

"ఇక్కడ అందరికంటే పెద్దావిడ. నాతోపాటు కుట్టింది. ఇంకెవరు దిద్దాలి?"

అదీ తెలుగులో చెప్పాను. అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుని కుంచె అందుకున్నారు.

పెట్టాల్సింది రెండు నల్లటి చుక్కలే. కానీ ఆవిడ చెయ్యి అక్కడ ఆగలేదు. చుట్టూ కాటుక తీర్చి, కొసలు చెవులదాకా సాగదీసి, సాక్షాత్తూ అమ్మవారి కళ్ళు దిద్దేశారు. నేను నాలుక కరుచుకున్నాను. పక్కింటావిడ కాసేపు కన్నార్పకుండా చూసి, "ఇంత అందమైన డ్రాగన్‌ను నేనెక్కడా చూడలేదు," అంది.

"అందుకే ఇది," అంటూ అత్తగారు దాని బుగ్గన ఇంత లావు దిష్టిచుక్క పెట్టారు.

డప్పు మోగింది. తోక కర్ర పట్టుకున్నది జగిత్యాల నుంచి వచ్చిన మా కాంపౌండ్ ఎలక్ట్రీషియన్.

"జర మెల్లగ ఉరుకుర్రి! తోక నన్ను గుంజుకపోతున్నది!" అని అతను అరుస్తున్నా తల మోసేవాళ్ళకు వినబడితేగా. విల్లాల చుట్టూ తిరిగి, మలుపు దగ్గర తలా తోకా గుద్దుకుని, అందరం పచ్చికలో పడి నవ్వాం.

అత్తగారు అప్పటికే ఫోన్లో రాజమండ్రిలోని చెల్లెలికి వీడియో చూపిస్తున్నారు.

"ఆ కళ్ళు చూశావుటే? నేనే దిద్దాను!"