బెంగుళూరు మొగాల మచ్చు

చింతామణిలో పి.యు.సి. పాసైతే బెంగుళూరులో బి.ఎ. చదివిస్తానని నాయన మాటిచ్చాడు. అరవైల్లో ఆడపిల్లకు అది చిన్న మాట కాదు. ఆ మాట మీద నీళ్లు చల్లినవాడు మా ఇంగ్లీషు పాఠంలోని ఒక కవి.

ఆయన తన మహానగరంలో వీధివీధీ తిరిగి, ఎదురైన ప్రతి మొగంలోనూ బాధే చూశాడు. పసిపిల్లలు మిల్లుల్లో నలిగిపోతున్నారనీ, గొప్పవాళ్ల మేడలకు ఆ ఏడుపు వినపడదనీ రాశాడు. దాన్ని విశ్లేషించి రాసుకురమ్మన్నారు లెక్చరరు. రాసింది భోజనాల దగ్గర తెలుగులో చెప్పి వినిపించాను. మెచ్చుకుంటారనుకున్నాను, నా పిచ్చిగాని.

"ఆ వూరు బెంగుళూరేనా?" అంది అవ్వ.

"కాదవ్వా, సముద్రాల అవతల దొరల దేశంలో ఉండాది."

"బెంగుళూరూ ఆ దొరలు ఏలిన వూరే గదమ్మా." అవ్వ నాయనవైపు తిరిగింది. "బిడ్డను ఆడికి పంపొద్దప్పా."

నాయన వేరుశనగ వ్యాపారి. మూట పైన, నడుమ, అడుగున మచ్చు తీసి చూడనిదే సరుకు కొనడు. దీనికీ అదే పద్ధతి అన్నాడు. అక్కడి మొగాల మచ్చు చూసి రమ్మని మా చిన్నాయనను బెంగుళూరు బస్సెక్కించాడు. పద్యం అర్థం తేల్చడానికి మనిషిని పంపిన ఇల్లు లోకంలో మాదొక్కటే అయి ఉంటుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వక్కాకు నములుతూ జనం మొగాల్లోకి తొంగిచూసే చిన్నాయన చేతిలో ఉంది నా బి.ఎ. అంతా. ఆ కవి మీద ఒళ్లు మండిపోయింది.

మరునాడు సాయంత్రం చిన్నాయన వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాడు.

"పెద్దంగళ్ల కాడ చూస్తిని, మార్కెట్టులో చూస్తిని, రైలు స్టేషన్లో చూస్తిని. ఆయప్ప రాసింది నిజమేన్నా, అన్ని మొగాల్లోనూ ఆ బాధ ఉండాది. ఒకాయనైతే ఏంటికట్ల చూస్తాండావని కొట్టను వచ్చినాడు."

"వింటివా అప్పా?" అంది అవ్వ నాయనతో.

"ఉండమ్మా. తిరిగొచ్చే బస్సులో చూస్తిని, అదే. మన సంతలో చూస్తిని, అదే." చిన్నాయన వంటింటి గుమ్మంవైపు చూశాడు. "వదినె మొగంలోనూ అదే ఉండాదన్నా."

గుమ్మంలో అమ్మ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. అందరం ఒకేసారి ఆమెవైపు తిరిగాం. రోజూ చూసే ఆ మొగాన్ని నేనూ ఎప్పుడూ అలా చూడలేదు. నాయన తల వంచుకున్నాడు.

అమ్మ గిన్నె కింద పెట్టింది. అవ్వ ముందర ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"యాడున్నా అదే మొగమైతే, బిడ్డది చదువుకున్న మొగమన్నా కానియ్యండి."