మారు అన్నం

మా పిల్లలు కంచంలో మారు అన్నం పెట్టించుకున్నప్పుడల్లా నాకు ఒక డ్రిల్లు మాస్టారు గుర్తొస్తారు. తొంభైల్లో ఒక ఉదయం కొత్తపేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నారు. మెడలో ఈల, ఒళ్ళో మెత్తబడిపోయిన వాలీబాల్.

"పంక్చరాండీ?" అని అడిగాను.

"లేదండి, గాలి నేనే తీసేసేను. ఇవాళ హెడ్మాస్టారికి అప్పజెప్పేస్తానండి."

తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు. బడిలో పిల్లల్ని రోజూ సాయంత్రం ఆడించి, గ్రౌండు చుట్టూ పరుగులు తీయించేవారట. తల్లులను పిలిచి, పిల్లలకి ఆకుకూరలు, గుడ్డు పెట్టమని, ఆడితేనే ఒంటికి బలమని గంటసేపు చెప్పారట. కొబ్బరిపీచు పనికెళ్ళే ఒకావిడ అన్నిటికీ "ఆయ్, ఆయ్" అంటూ తలూపి, అందరూ వెళ్ళిపోయాక వెనక్కి వచ్చిందట.

"‘మా పిల్లని పరిగెత్తించకండి మాస్టారండీ, ఇంటికొచ్చి మారు అన్నం అడుగుతుంది’ అందండి."

"మీరేమన్నారు?"

"ఆయ్ అన్నానండి."

ఏదైనా ధైర్యం చెబుదామనుకున్నాను.

ఈలోగా ఆయన దిగే ఊరు వచ్చింది. బస్సు ఇంకా ఆగనేలేదు, బంతిని చూసి బడిపిల్లలు కేకలేసుకుంటూ పరుగున వచ్చేశారు. మాస్టారు ఫుట్‌బోర్డు మీంచే చెయ్యి అడ్డంగా ఊపారు.

"పరిగెత్తకండర్రా," అన్నారు. "నడవండి. మెల్లగా నడవండి."