‘ఇంటర్ తప్పిన’ వారి తదుపరి చిత్రం

అప్పట్లో మా పాల్వంచ అవతల, అడవి మొదలయ్యే ఊళ్లలో, సినిమా దర్శకుడికి పేరుండేది కాదు. అంతకు ముందు తీసిన సినిమాయే ఆయన పేరు, అంతే. ‘మేనత్త ముక్కుపుడక’ తీసినాయన అంటే మేకలు కాసేవాళ్లకు కూడా తెలిసేది, అసలు పేరు చెబితే “ఏ ఊరోడు?” అని అడిగేవాళ్లు. తర్వాత ఎన్ని తీసినా, పాపం, ఆ ముక్కుపుడక ఆయన్ను వదల్లేదు. (నవ్వకండి. నాకూ అలాంటిదే ఒకటి అంటుకుంది. ఆ గోడే చెప్పబోతున్నాను.)

డిగ్రీ చివరి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఆ ఎండాకాలం మా ఊరి డేరా టాకీసులో మైకు పనికి కుదిరాను. ఎడ్లబండికి రెండు వైపులా పోస్టర్లు, పైన గొట్టం మైకు, కింద బ్యాటరీ, వెనక నేను. టాకీసు ఓనరు కోస్తా నుంచి వచ్చినాయన. మొదటి రోజే కూర్చోబెట్టి పని రహస్యం చెప్పాడు. “ఒరేయ్, కొత్త బొమ్మ ఎలా ఉంటుందో ఎవడికి తెలుసు? నాకే తెలీదు. అంచేత ఆ దర్శకుడి పాత బొమ్మ పేరు గొంతు చించుకుని అరిచెయ్. కొత్త దాని పేరు మెల్లిగా కానిచ్చెయ్. జనం తిడితే, మీరు సరిగ్గా విన్లేదండీ అందాం.” నేను దాన్ని ఎంత బాగా పట్టుకున్నానంటే, “మేనత్త ముక్కుపుడకాఆ! తీసిన దర్శకుని మరో కళాఖండం!” అని ఊరు అదిరేలా అరిచి, ‘తాళం పోయిన ఇల్లు’ అన్న అసలు పేరును దగ్గుతో కలిపి మింగేసేవాణ్ని. జనం ముక్కుపుడకే మళ్లీ వచ్చిందనుకుని వచ్చి, తాళం పోయిన ఇల్లు చూసి, మర్నాడు బండి వెంట నడుస్తూ నన్ను తిట్టేవాళ్లు.

ఇక నా ముందు సినిమా సంగతి. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. ఇంటర్ ఫలితాలప్పుడు పేపర్లో నంబరు చూసుకుని, పాసయ్యానని ఇంటికి పరుగెత్తాను. అమ్మ వాడంతా పుట్నాలు, బెల్లం పంచింది. పది రోజులకు మెమో వచ్చింది. లెక్కలు తప్పాను. (పేపర్లో మూడును ఎనిమిదిగా చదివాను. లెక్కలు తప్పినవాడికి ఇంతకంటే రుజువేం కావాలి?) తర్వాత సప్లిమెంటరీలో గట్టెక్కాను గానీ, దానికి పుట్నాలు పంచలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. డిగ్రీ మూడేళ్లూ ఊళ్లో నేను ‘ఇంటర్ తప్పినోడు’నే. నాయన కలప డిపోలో దుంగలు మోసేవాడు. “ఈపారి తప్పినవనుకో, నాతోని డిపోకే” అని ముందే చెప్పి ఉంచాడు.

డిగ్రీ ఫలితాలొచ్చిన పొద్దున పాల్వంచ బస్టాండులో పేపరు కొని, పక్కన హాల్ టికెట్ పెట్టుకుని, ఒక్కో అంకె మీద గోరు ఆనించి నాలుగుసార్లు చూశాను. ఉంది. నిజంగానే ఉంది! ఊళ్లో బస్సు దిగేసరికి టాకీసు బండి కట్టి సిద్ధంగా ఉంది, ఇంటికి పోయే వ్యవధి లేదు. చేతిలో మైకు, కడుపులో ఇంత పెద్ద కబురు. మా వాడ మలుపు తిరగ్గానే ఇక ఆగలేకపోయాను. నోరు మాత్రం దానికి అలవాటైన దారిలోనే నడిచింది. “గతంలో ఇంటర్ తప్పినాఆ! మన వాడ పిలగాడు! ఇంటర్ తప్పినాఆ!” అని అరిచాను. ఆ తర్వాతి ‘ఈసారి బి.ఏ. పాసు’ అన్న ముక్క వచ్చేసరికి గొంతు దానంతటదే దిగి, దగ్గు వచ్చేసింది.

బండి తోలే తాత ఎడ్లను ఆపి వెనక్కి తిరిగాడు. “ఏందిర, మల్ల తప్పినవా?”

అమ్మ పిండి చేతులతోనే ఇంట్లోంచి ఉరికొచ్చింది. “ఓ కొడుకా! తప్పితే తప్పినవు, గది మైకుల చెప్పుకునేదా? ఇంట్ల చెప్తే సరిపోదా?”

“తప్పలేదమ్మా, పాసైన!”

“గప్పుడు గూడ గట్లనే అన్నవు.”

పేపరు చూపించాను. “ఇండ్ల నీ పేరేది?” అంది. పేర్లుండవు, నంబర్లే అన్నాను. “గప్పుడు గూడ నంబరే సూపిచ్చినవు” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కింటి పెద్దమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. “ఎండ తలకెక్కింది చెల్లె. పిలగాన్ని ఏమనకు.” మా వంశంలో మొదటి పట్టభద్రుణ్ని బండి మీదే కూర్చుని ఆ ఓదార్పు మజ్జిగ తాగాను. ఏం చెప్పను!

సాయంత్రం నాయన నన్ను వెంటబెట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్లాడు. “సారూ, మావోడు పాసైన అని మైకుల చెప్పిన అంటుండు. మైకుల చెప్పింది నమ్మొచ్చునా?”

“మైకులో చెప్పింది నమ్మడమేవిటయ్యా! తాళం పోయిన ఇల్లు చూశావా?”

“సూసిన.”

“మరింకేం?”

నేను ఏడుపు గొంతుతో పేపరు, హాల్ టికెట్ ఆయన చేతిలో పెట్టాను. కళ్లద్దాలు సర్దుకుని రెండూ చూశాడు. “ఓర్నీ, పాసేనోయ్! నంబరు సరిగ్గా ఉంది” అన్నాడు. నాయన ఆయన్ని, పక్కనున్న మైకుని మార్చి మార్చి చూశాడు. “ఇప్పుడే గద సారూ, నమ్మొద్దంటిరి” అని, నా భుజం తట్టి, “పొద్దుగాల లెవ్వు, డిపోకు పోదాం” అన్నాడు.

పోయాను. పదిహేను రోజులు దుంగలు మోశాను. హాజరు పుస్తకంలో అందరూ వేలిముద్ర వేస్తుంటే సంతకం పెట్టే కూలీ నేనొక్కణ్నే. సంతకం కింద బి.ఏ. అని రాసుకుందామని రోజూ అనిపించేది గానీ, రాస్తే గుమస్తా కూడా మజ్జిగ తెస్తాడని భయమేసింది. రాత్రి పడుకుంటే భుజం మండేది. ఆ పేపర్లో అంకెలు నిజంగా నావేనా అని నాకే అనుమానం మొదలైంది.

పదహారో రోజు పోస్టుమాన్ మెమోను డిపోకే తెచ్చాడు. నేను ముట్టుకోలేదు. గుమస్తా చేతికిప్పించాను. ఆయన నా పేరుతో సహా గట్టిగా చదివాడు. నాయన ఇంకోసారి చదవమన్నాడు. చేతులు పంచెకు తుడుచుకుని, అయినా కాగితం పట్టుకోకుండా, దూరం నుంచే దాన్ని చూశాడు. తర్వాత కూలీలందరి వైపు తిరిగాడు. “ఇంటర్ తప్పినోడే...” అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఆ వెంటనే దుంగలు దొర్లేంత గట్టిగా అరిచాడు: “బి.ఏ. పాసైండు! మా పెద్దోడు, బి.ఏ. పాసైండు!”

నేను తర్వాత పంతులునై, రిటైరై కూడా చాలా ఏళ్లయింది. ఊరికెళ్తే ముసలివాళ్లు మనవలకు నన్ను ‘ఇంటర్ తప్పిన సారు’ అనే చూపిస్తారు. నేను సరిదిద్దను. ఎన్నో ప్రచారాలు విన్నాను గానీ, పాత బొమ్మ పేరు మింగేసి కొత్త బొమ్మ పేరు అరిచింది మా నాయన ఒక్కడే. ఆ బండి వెనక కూర్చున్న పిలగాణ్ని తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. సొంత మంచి కబురు చెప్పాల్సి వస్తే వాడికి ఇప్పటికీ దగ్గొస్తుంది.