ఆగిన గుండెల డాక్టరు గారు

మా డాక్టరు గారికి దిండు కనిపిస్తే చేతులు ఊరుకునేవి కావు. రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా నొక్కేవారు. ఆగిన గుండెను పక్కనున్న మామూలు మనుషులే ఛాతీ నొక్కి మళ్ళీ ఆడించగలరా అన్నది ఆయన పరిశోధన. తొంభైల చివర్లో నేను ఆయన దగ్గర పనిచేసేవాణ్ణి. ఆటోనగర్ షెడ్లకు వెళ్ళి నేర్పుతామంటే, "పనాగిపోద్ది సార్, తర్వాత సూద్దాం" అని ఓనర్లు పంపేసేవారు.

ఒకరోజు మల్కాపురం బస్టాపులో మా కళ్ళముందే ఒకాయన కుప్పకూలాడు. నాడి లేదు. డాక్టరు గారు మోకాళ్ళ మీద కూర్చుని అతని ఛాతీ నొక్కసాగారు. పడిపోయినాయన వెంట ఉన్న బావమరిది డాక్టరు గారిని రెక్క పట్టుకుని లాగేశాడు.

"ఏటి సేత్తన్నావ్? పడిపోయినోడి గుండెల మీద గుద్దుతావేటి?"

"గుద్దడం కాదయ్యా, ఆపితే చచ్చిపోతాడు!"

ఎవరూ వినలేదు. ఆటోలో వేసుకుని పోయారు. "దారిలో నొక్కుతూ ఉండండి" అని అరుస్తూ ఆయన వెనకాలే పరుగెత్తారు.

మేం ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. బావమరిది డాక్టరు గారి చేతులు పట్టుకున్నాడు.

"నాను అడ్డం రాను బాబూ. ఇప్పుడు నొక్కండి."

లాభం లేదని తెలిసీ కాదనలేకపోయారు. అంత కోపంగా ఆయన నొక్కడం నేనెన్నడూ చూడలేదు.